కళింగాంధ్ర వాడుక తెలుగు: రోజువారీ సంగతులు చెప్పే వ్యాకరణం

శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం మన్యం జిల్లాల్లోనూ వాటిని ఆనుకున్న విశాఖ వైపు పల్లెల్లోనూ ఇంటా బయటా నడిచే తెలుగును కళింగాంధ్ర తెలుగు అనీ, ఉత్తరాంధ్ర మాండలికం అనీ అంటారు. ఆధునిక తెలుగును నాలుగు మాండలిక మండలాలుగా విభజించిన భద్రిరాజు కృష్ణమూర్తి దీన్ని పూర్వ మండలంగా లెక్కించారు. తక్కినవి దక్షిణ, ఉత్తర, మధ్య మండలాలు. పుస్తకాల తెలుగు అసలైనదనీ, ఇది దాని చెడిన రూపమనీ అనుకునేవారు ఇప్పటికీ చాలామంది ఉన్నారు. ఆ అభిప్రాయం తప్పు. ఈ మాటల్లో ధ్వనులు మారడానికీ, క్రియలు కాలాన్ని పట్టుకోవడానికీ, మనిషిని బట్టి పిలుపు మారడానికీ కచ్చితమైన నియమాలున్నాయి. వాటిని ఇక్కడి పిల్లలు బడికి రాకముందే నేర్చేసుకుంటారు. బయటి నుంచి వచ్చిన వైద్యుడో, బ్యాంకు ఉద్యోగో, ఉపాధ్యాయుడో వాటిని పట్టించుకుని నేర్చుకోవలసి ఉంటుంది.

ఈ వ్యాసం మాండలికం మొత్తాన్నీ వర్ణించదు. ఎదురుగా ఏముంది, ఏం జరుగుతోంది, ఏది అయిపోయింది, ఒంట్లో ఎలా ఉంది, ఎవర్ని ఎలా అడగాలి అన్న నిత్య వ్యవహారానికి కావలసిన వ్యాకరణాన్ని మాత్రమే తీసుకుంటుంది.

ప్రాంతం, ఇరుగుపొరుగు భాషలు

వంశధార, నాగావళి నదుల పరీవాహక ప్రాంతం ఈ భాషకు నడిగడ్డ. పడమట తూర్పు కనుమలు, తూర్పున సముద్రం. ఉత్తరాన ఇచ్ఛాపురం దాటితే ఒడియా సీమ. ఇచ్ఛాపురం, మందస వైపు రెండు భాషలూ ఒకే ఇంట్లో వినిపిస్తాయి. కొండల్లో సవర ఉంది. అది ద్రావిడ భాష కాదు, ముండా కుటుంబానిది. దాని లెక్క తెలుగువాడికి కొత్తగా ఉంటుంది. పన్నెండు వరకు విడివిడి సంఖ్యలు, ఆ తరువాత పన్నెండు మీద ఒకటి, పన్నెండు మీద రెండు అని సాగి ఇరవై దగ్గర మరో మొత్తం మొదలవుతుంది. సవరలు, జాతాపులు, గదబలు సంతకు దిగినప్పుడు మాట్లాడే తెలుగు కూడా ఈ మాండలికంలో భాగమే. దాన్ని విడిగా వర్ణించవలసినంత విస్తృతి దానికుంది.

1979 జూన్ 1న విజయనగరం జిల్లా, 2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం జిల్లా ఏర్పడ్డాయి. భాష ఈ గీతల్ని పట్టించుకోదు. బొబ్బిలి మాటకూ రాజాం మాటకూ తేడా వెతకడం కష్టం. ఒకే ఊళ్లో చదువుకున్నవారి మాటకూ చదువుకోనివారి మాటకూ ఉన్న తేడా అంతకంటే ఎక్కువ. అందుకే కింద ఇచ్చిన రూపాలన్నీ అందరి నోటా ఒకేలా వినిపిస్తాయని అనుకోకూడదు. 'వచ్చేడు' అనేవారూ, 'వచ్చినాడు' అనేవారూ ఒకే వీధిలో ఉంటారు.

ధ్వనులు

మొదట చెవికి తగిలేవి ధ్వనులే కాబట్టి వాటి గురించి కొంత. మాట మొదట్లో ఉన్న చ పల్లెల్లో స అవుతుంది: సెప్పు, సూడు, సేను, సెరువు. మాట మధ్యలో ఒత్తుగా ఉన్న చ్చ మాత్రం కదలదు. 'వచ్చు', 'ఇచ్చు' అన్నవి 'వస్సు', 'ఇస్సు' కావు. ఇక్కడే నియమం కనబడుతుంది. ధ్వని నోటికొచ్చినట్టు మారడం లేదు, స్థానాన్ని చూసుకుని మారుతోంది. మొదట్లో ఉన్న వ పడిపోతుంది: వెళ్లు ఎల్లు అవుతుంది, విను ఇను అవుతుంది, వాడు ఆడు, వీడు ఈడు, వాళ్లు ఆల్లు. ళ, ణ అన్నవి ల, న లలో కలిసిపోతాయి: నీల్లు, కాల్లు. శ, ష లు స అవుతాయి, మహాప్రాణాలు తేలికవుతాయి: సనివారం, బూమి, దర్మం. స్త అన్న జంట చాలామంది నోట త్త అవుతుంది: వత్తాడు, సేత్తాను. 'లేదు' అన్న మాట 'నేదు' కావడం, 'నేను' అన్నది 'నాను' కావడం శ్రీకాకుళం వైపు మాటకు బాగా తెలిసిన గుర్తులు.

వీటిలో చాలా మార్పులు ఒక్క ఉత్తరాంధ్రవే కావు. చ, స ల మార్పిడి, వ లోపం తెలుగునేల మీద ఇతర చోట్ల పల్లెల్లోనూ వినబడతాయి. ఈ ప్రాంతపు ప్రత్యేకత అసలు క్రియల్లో ఉంది.

ఉన్నది చెప్పడం

తెలుగులో 'కలిగి ఉండు' అన్న అర్థానికి నిత్యవ్యవహారంలో వేరే క్రియ లేదు. ఉన్నదేదో ఉంది అంటాం, అది ఎవరికి చెందుతుందో వాళ్లకు కి, కు చేరుస్తాం. 'నాకు ఇద్దరు గుంటలు', 'ఆల్లకి రెండెకరాల పల్లం ఉంది', 'మాకు సేనూ నేదు, సెక్కా నేదు'. చేతిలో ఉన్న వస్తువుకైతే 'కాడ' వస్తుంది: 'నాకాడ సిల్లర నేదు'. బంధువులకూ భూమికీ కి, జేబులో డబ్బుకు కాడ. శాశ్వతమైన సంబంధానికీ అప్పటికి దగ్గరున్న దానికీ మధ్య ఉన్న తేడాను ఈ రెండు ప్రత్యయాలు మోస్తున్నాయి.

'ఉంది'కి పల్లెల్లో 'ఉన్నాది' అన్న నిండు రూపం ఉంది. 'ఇంట్లో అంబలున్నాది, తాగీ' అన్న వాక్యాన్ని తీసుకోండి. కర్త చెప్పలేదు. 'నువ్వు' అనవలసిన అవసరం లేదు, 'తాగీ' అన్న రూపమే ఎదుటి మనిషిని పట్టుకుంది. కాదు, నేదు అన్న రెండు మాటల పని కూడా వేరు. 'అది సోడిపిండి కాదు' అంటే అది మరేదో పిండి అని. 'సోడిపిండి నేదు' అంటే డబ్బా ఖాళీ అని. రాగుల్ని ఇక్కడ చోళ్లు, సోళ్లు అంటారు. సజ్జలు గంటెలు. సొరకాయ ఆనపకాయ. కొండల నుంచి దిగే వాగు గెడ్డ.

జరుగుతున్నది, జరిగింది, జరిగిపోయింది

రోజువారీ మాటలో ఎక్కువ బరువు క్రియదే. శ్రీకాకుళం ఆర్టీసీ కాంప్లెక్స్‌లో నిలబడితే పాలకొండ బస్సు గురించి మూడు వాక్యాలు వినవచ్చు. 'బస్సు వస్తంది.' 'బస్సు వచ్చీసింది.' 'బస్సు ఎల్లిపోనాది.' మొదటిది జరుగుతున్న పని. ప్రామాణిక భాషలోని 'వస్తోంది', 'వస్తున్నది' అన్న రూపాల స్థానంలో పొట్టి రూపం వచ్చింది. 'చేస్తున్నాను', 'తింటున్నాడు' అన్నవాటిలో నడుమనున్న ఉకారం ఇక్కడ నిలవదు. చేస్తన్నాను, తింటన్నాడు, వస్తన్నారు అవుతాయి. త్త పలికేవారి నోట సేత్తన్నాను, వత్తన్నాడు.

రెండోదాంట్లో ఈ మాండలికపు సొంత గుర్తు ఉంది. పని పూర్తయిందని నొక్కి చెప్పడానికి తెలుగంతటా 'వేయు' సహాయక్రియగా వస్తుంది: వచ్చేసింది, తినేశాను, చెప్పేశాడు. కళింగాంధ్రలో ఆ ఏత్వం ఈత్వమైంది: వచ్చీసింది, తినీసేను, చెప్పీసేడు, పడుకునీసేరు. విధిరూపంలో ఇంకా కుదించుకుపోతుంది. 'ఇచ్చెయ్యి' అనవలసిన చోట 'ఇచ్చీ', 'చెప్పెయ్యి' అనవలసిన చోట 'చెప్పీ', 'తినెయ్యి' అనవలసిన చోట 'తినీ'. కొత్తవారు పొరబడేది ఇక్కడే. 'చెప్పీ' అన్నది వాళ్లకు 'చెప్పి' అన్న అసమాపక క్రియలా వినబడి, వాక్యం ఇంకా పూర్తి కాలేదని ఎదురుచూస్తారు. వాక్యం అయిపోయింది. హ్రస్వానికీ దీర్ఘానికీ ఉన్న తేడా ఒక్కటే మొత్తం వాక్యం అర్థాన్ని మోస్తోంది. 'సంతకెల్లి, ఉల్లిపాయలు కొని, బేగి వచ్చీ' అన్న దాంట్లో మొదటి రెండు క్రియలు హ్రస్వంతో ఆగి మూడోదాని కోసం కాచుకున్నాయి. మూడోది దీర్ఘంతో ఆజ్ఞ అయింది.

మూడో వాక్యంలో ఉన్నది 'పోవు'. ప్రామాణిక భాషలో 'పోయాడు, పోయింది' అయ్యేవి ఇక్కడ 'పోనాడు, పోనాది' అవుతాయి: ఎల్లిపోనాడు, పడిపోనాది, అయిపోనాది, సచ్చిపోనాడు. ఈసికీ పోకీ మధ్య పనుల పంపకం చక్కగా ఉంటుంది. మనిషి పూనుకుని చేసి ముగించినదానికి ఈసి. తనంత తాను జరిగిపోయినదానికి, చెయ్యి దాటినదానికి పో. 'దీపం ఆర్పీసేను' అంటే నేను చేసిన పని. 'దీపం ఆరిపోనాది' అంటే గాలి చేసిందో, చమురు అయిపోయిందో, నా ప్రమేయం లేదు. 'పాలు ఒంపీసేడు', 'పాలు ఒలికిపోనాయి' అన్న రెండు వాక్యాల్లో తప్పు ఎవరిదన్నది క్రియే తేల్చేస్తుంది. ఇంట్లో పిల్లలు ఏ వాక్యం ఎంచుకుంటారో చూడండి, ఈ వ్యాకరణం వాళ్లకు ఎంత బాగా వచ్చో తెలుస్తుంది.

మామూలు భూతకాలం సంగతి కొంచెం వివరంగా చూడాలి. మధ్యకోస్తా రాతలో 'వచ్చాడు, చెప్పాను, చూశారు' అని ఉండేది ఇక్కడి రాతలో చాలాచోట్ల 'వచ్చేడు, చెప్పేను, చూసేరు'. విశాఖ కథకుడు రావిశాస్త్రి కథనంలో ఈ ఏత్వ రూపాలు కొల్లలుగా కనిపిస్తాయి. నిజానికి కోస్తాలో చాలామంది నోట ఈ చోట పలికేది ఆ కాదు, ఏ కాదు, రెంటికీ నడిమి ధ్వని. దానికి తెలుగు లిపిలో అక్షరం లేదు. కృష్ణా, గుంటూరు వైపు రచయితలు దానికి ఆత్వం వాడారు, ఇక్కడివారు ఏత్వం వాడారు. ఏదీ మరొకదాని కంటే తక్కువ శాస్త్రీయం కాదు. ముద్రణాలయాలు, పత్రికలు, పాఠ్యపుస్తకాలు ఒకవైపు ఉండడం వల్ల ఒకటి ప్రమాణమైంది. పల్లెల్లో 'వచ్చినాడు, చెప్పినాను' అన్న నిండు రూపాలు కూడా నడుస్తున్నాయి. 'వచ్చీసినాడు' లాంటివి వాటి నుంచి వచ్చినవే.

భవిష్యత్తుకూ అలవాటుకూ ఒకటే రూపం. 'పొద్దున్నే అంబలి తాగుతాం' అంటే అలవాటు. 'రేపు అరసవిల్లి ఎల్తాం' అంటే జరగబోయేది. కాలాన్ని చెప్పేది 'రేపు', 'రోజూ' లాంటి మాట. క్రియ ఆ భారం తీసుకోదు.

కర్తను బట్టి క్రియ మారే తీరు తెలుగంతటా ఉన్నదే. ఏకవచనంలో మగవాడు ఒకవైపు, తక్కిన ప్రపంచమంతా ఒకవైపు: 'ఆడు వచ్చేడు', 'ఆయమ్మ వచ్చింది', 'ఆవు వచ్చింది'. బహువచనంలో గీత వేరేచోట పడుతుంది. మనుషులంతా ఒకవైపు, మనుషులు కానివి ఒకవైపు: 'ఆడోల్లు వచ్చేరు', 'ఆవులు వచ్చేయి'. ఒక్కరిగా ఉన్నప్పుడు పశువుల వరసలో ఉన్న ఆడమనిషి పదిమందితో కలిస్తే మనుషుల వరసలోకి వస్తుంది. గౌరవవాచకంగా బహువచనం వాడినప్పుడు ఒక్కరైనా ఆ వరసలోనే ఉంటుంది: 'అమ్మగారు వచ్చేరు'.

ఒంట్లో సంగతి

ఆకలి, దాహం, జ్వరం, భయం, ఇష్టం. వీటిని చెప్పేటప్పుడు మనిషి కర్తగా ఉండడు. 'నాకు ఆకలేస్తంది', 'ఆడికి జొరం వచ్చింది', 'మాయమ్మకి తల తిరుగుతంది', 'నాకు ఆ కూర నచ్చనేదు', 'నాకు తెల్దు'. అనుభవం మనిషి దగ్గరకు వస్తుంది, మనిషి దాన్ని అందుకుంటాడు.

ఈ వ్యాకరణం ప్రాణావసరమయ్యే చోటు ఆసుపత్రి. పలాస, సోంపేట, కవిటి మండలాల చుట్టూ ఉన్న ఉద్దానం దీర్ఘకాలిక మూత్రపిండాల జబ్బుతో ఏళ్ల తరబడి బాధపడుతున్న ప్రాంతం. బయటి జిల్లాల నుంచి వచ్చిన వైద్యులు అక్కడ పనిచేస్తుంటారు. 'కాల్లు పొంగుతన్నాయి' అంటే వాపు వస్తూ పోతూ ఉంది, లేదా ఇప్పుడు మొదలైంది. 'కాల్లు పొంగిపోనాయి' అంటే వాపు ముదిరింది, నిలిచిపోయింది. 'మందులు అయిపోనాయి' అంటే మందులు లేవు. 'మందులు మింగీసేను' అంటే వేసుకోవలసినవన్నీ వేసుకున్నానని. రోగి తన భాషలో చాలా కచ్చితంగా చెప్పిన సమాచారం వినేవాడికి ఈ నాలుగు క్రియారూపాలు తెలియకపోతే పోతుంది. వైద్య విద్యార్థులకు, నర్సులకు మాండలిక పరిచయం చదువులో భాగంగా ఉండాలని అనడానికి ఇంతకంటే బలమైన కారణం అక్కర్లేదు.

అడగడం, కాదనడం, విన్నది చెప్పడం

'ఏమిటి' ఇక్కడ 'ఏటి'. 'ఏటి సేస్తన్నావు?' 'ఏటయింది?' 'ఏటీ నేదు.' 'ఎవరు' పల్లెల్లో 'ఎవులు'. 'ఎలా' అన్నది 'ఎలగ': 'ఎలగున్నారు?' ఏటి ప్రశ్న అడగడంతో ఆగదు. వాక్యం చివర చేరితే ఆశ్చర్యం, నిష్ఠూరం, నమ్మలేకపోవడం పలుకుతాయి. 'నువ్వు రావా?' అన్నది తెలుసుకోవడానికి అడిగిన మాట. 'నువ్వు రావేటి?' అన్నదాంట్లో వస్తావనుకున్నానే అన్న భావం కలిసింది. అలాగే 'తిన్నావా?' అన్నది పలకరింపు, 'తిన్నేదేటి?' అన్నది ఆదుర్దా.

గతంలో జరగనిదానికి క్రియ మీద నేదు చేరుతుంది: రానేదు, సెప్పనేదు, సూడనేదు. ఇక మీద జరగనిదానికి క్రియే లోపల్నుంచి మారుతుంది: రాడు, సెప్పదు, సూడను. వద్దనడానికి ఒద్దు. విన్న మాటను తన మాటగా కాక చెప్పాలంటే చివర ట వస్తుంది: 'ఆడు రాడట', 'సిరిమాను ఊరేగింపు బయల్దేరిందట'. విజయనగరంలో విజయదశమి తరువాతి మంగళవారం జరిగే పైడితల్లి సిరిమాను సంబరంలో జనం మధ్య ఈ ట ఎన్నిసార్లు చేతులు మారుతుందో! కళ్లతో చూసినవాడు ట వాడడు. చూడనివాడు ట లేకుండా చెబితే అబద్ధమాడినట్టు లెక్క.

పిలుపులు

వ్యాకరణం ఇక్కడ సమాజంతో కలిసిపోతుంది. తండ్రి వయసువాణ్ణి, గౌరవించదగ్గవాణ్ణి 'బావూ' అంటారు. 'ఏటి బావూ, ఎలగున్నారు?' అన్న పలకరింపులో బావుకూ -న్నారు అన్న బహువచనానికీ పొత్తు కుదరాలి. అక్కను అప్ప అని పిలవడం విజయనగరం వైపు ఉంది. ఆశ్చర్యం వేస్తే 'ఓలప్పో', 'ఓలమ్మో' అన్నవి ఆ పిలుపుల నుంచి వచ్చినవే. మగపిల్లవాడు గుంటడు, ఆడపిల్ల గుంట. ఆ పిల్లల్ని పిలవడానికి 'ఒరే', 'ఒలే'. మావ, అత్త, తాత, నాయన అన్న వరసలు రక్తసంబంధం లేనివారికీ చెల్లుతాయి. ఊళ్లోకి కొత్తగా వచ్చిన మనిషికి వారంలో ఒక వరస కుదిరిపోతుంది. ఆ తరువాత క్రియలన్నీ ఆ వరసను అనుసరిస్తాయి. ఎవరికి 'కూకో' అనాలో, ఎవరికి 'కూకోండి' అనాలో తేల్చేది వయసు ఒక్కటే కాదు. కులం, భూమి, ఉద్యోగం కూడా తేలుస్తాయి. వయసులో పెద్దవాడైన పాలేరును చిన్నవాడైన రైతు ఏకవచనంతో పిలవడం ఈ జిల్లాల కథాసాహిత్యం పదే పదే చూపిన అన్యాయం. దాన్ని వ్యాకరణం అన్న పేరుతో సమర్థించడానికి వీల్లేదు.

ఇటాలియన్‌తో పోలిక

తెలుగును ప్రాచ్య ఇటాలియన్ అనడం పాత అలవాటు. పదిహేనో శతాబ్దంలో విజయనగర సామ్రాజ్యాన్ని చూసిన వెనిస్ యాత్రికుడు నికొలో దె కాంతి ఆ మాట అన్నాడని ప్రచారంలో ఉంది. రెండు భాషల్లోనూ మాటలు అచ్చులతో ముగియడమే ఆ పోలికకు ఆధారం. అది పైపై పోలిక. రోజువారీ వాక్యాల నిర్మాణం పక్కపక్కన పెడితే ఇంతకంటే పనికొచ్చే సంగతులు బయటపడతాయి.

ఇటాలియన్‌లోనూ కర్త అక్కర్లేదు. 'మంజొ' అంటే తింటాను, 'మంజా' అంటే తింటాడు లేదా తింటుంది. క్రియ చివరి అచ్చు మనిషిని చెబుతుంది. జరుగుతున్న పనికి 'స్తొ మంజాందొ', అంటే తింటన్నాను. రెంటిలోనూ ఒక అసమాపక రూపానికి ఉనికిని చెప్పే సహాయక్రియ తోడైంది. ఉనికి చెప్పడానికి ఒకటికి 'చె', చాలావాటికి 'చి సోనొ', మన ఉంది, ఉన్నాయి లాగా. 'మి పియాచె' అంటే నాకు నచ్చుతుంది. అక్కడా ఇష్టం మనిషి దగ్గరకే వస్తుంది. 'దొమాని పార్తొ' అంటే రేపు ఎల్తాను. వర్తమాన రూపమే, భవిష్యత్తును 'రేపు' అన్న మాట మోసింది.

తేడాలూ అంతే స్పష్టం. ఆకలిని ఇటాలియన్ 'ఒ ఫామె' అంటుంది, ఆకలిని కలిగి ఉన్నాను అన్న పద్ధతిలో. తెలుగుకు లేని ఆ 'కలిగి ఉండు' క్రియ అక్కడ ప్రతి పూటా కావాలి. వాన కురిస్తే 'పియోవె' అన్న ఒక్క క్రియ చాలు. తెలుగులో వాన అన్న కర్త ఉంటే వాక్యం నిండుతుంది: 'వాన పడతంది'. విశేషణం అక్కడ నామవాచకం లింగాన్నీ వచనాన్నీ అనుసరిస్తుంది: ఒక అందమైన ఇల్లు 'కాసా బెల్లా', చాలా ఇళ్లయితే 'కాసె బెల్లె'. తెలుగు విశేషణం కదలదు. మనం, మేం అన్న భేదం ఇటాలియన్‌కు లేదు, రెంటికీ 'నోయి' ఒకటే. వినేవాణ్ణి కలుపుకోవాలా వద్దా అన్నది తెలుగులో ప్రతి మాటకూ తేల్చుకోవాలి. గౌరవానికి ప్రామాణిక ఇటాలియన్‌లో 'లేయి' అన్న ప్రథమపురుష స్త్రీలింగ రూపం వస్తుంది. దక్షిణ ఇటలీలో చాలాచోట్ల మాత్రం మన 'మీరు' లాగే బహువచనమైన 'వోయి' నడుస్తుంది.

భూతకాలం అక్కడా ప్రాంతాన్ని బట్టి విడిపోయింది. 'వచ్చాను' అనడానికి ఉత్తర ఇటలీ నోట 'సోనొ వెనూతొ' అన్న రెండు మాటల రూపం వస్తుంది. సిసిలీలో 'వెన్ని' అన్న ఒంటిమాట రూపం ఇంకా జీవంతో ఉంది. వచ్చాను, వచ్చేను, వచ్చినాను అన్నవి పక్కపక్కనే బతకడం తెలుగుకు మాత్రమే పట్టిన చిత్రమైన సంగతి కాదని దీనివల్ల తెలుస్తుంది.

జనం మాట, పండితుల మాట అన్న తగాదా కూడా అక్కడ ఉంది. లాటిన్ రాజ్యమేలుతున్న రోజుల్లో, పద్నాలుగో శతాబ్దపు తొలి ఏళ్లలో, దాంతె జనభాష గొప్పదనాన్ని వాదిస్తూ ఒక గ్రంథం మొదలుపెట్టాడు. దాన్ని లాటిన్‌లోనే రాశాడు, పండితులు చదవాలి కాబట్టి. 1525లో పియెత్రొ బెంబొ పాత ఫ్లారెన్స్ రచయితల భాషను ప్రమాణం చేయాలన్నాడు. క్రుస్కా అకాడెమీ నిఘంటువు 1612లో ఆ దారినే వచ్చింది. 1827లో తొలిసారి వెలువడిన తన నవలను మాన్‌జోని బతికున్న ఫ్లారెన్స్ మాటకు దగ్గరగా తిరగరాసి 1840 నుంచి మళ్లీ ప్రచురించాడు. దేశం ఏకమైన 1861లో ఆ ప్రామాణిక భాష మాట్లాడగలిగినవారు జనాభాలో రెండున్నర శాతమేనని భాషా చరిత్రకారుడు తుల్లియొ దె మౌరో అంచనా వేశాడు.

ఈ నేల మీద సాగిన వాదం

తెలుగులో ఆ వాదం మొదలైనదీ బలపడినదీ ఈ జిల్లాల నుంచే. చిన్నయసూరి బాలవ్యాకరణం పందొమ్మిదో శతాబ్దపు నడిమిలో వచ్చాక బడి తెలుగు అంతా గ్రాంథికమైంది. నోటి మాటకు వ్యాకరణం ఉందన్న ఊహే పండితులకు గిట్టలేదు. గిడుగు వెంకట రామమూర్తి 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. విజయనగరంలో చదివారు. గురజాడ అప్పారావు అక్కడ ఆయన సహాధ్యాయి. 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడయ్యారు. అక్కడ ఆయనకు కళ్లు తెరిపించింది తెలుగు కంటే ముందు సవర భాష. లిపి లేదు, పుస్తకం లేదు, పండితుడు లేడు. ఉన్నది మాట్లాడే మనుషులు మాత్రమే. వాళ్ల నోటి నుంచి విని, రాసుకుని, నియమాలు తేల్చి, సవర పిల్లలకు వాళ్ల భాషలో చదువు చెప్పే పుస్తకాలు తయారుచేశారు. సవర భాషా వ్యాకరణ గ్రంథం 1931లో, సవర నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. రాతలో లేని భాషకు సంపూర్ణ వ్యాకరణం ఉండగలదని కొండల్లో కళ్లారా చూసిన మనిషికి, లక్షలమంది మాట్లాడే వాడుక తెలుగుకు వ్యాకరణం లేదన్న మాట ఎంత తేలిగ్గా కనిపించి ఉంటుంది!

విజయనగరంలో గురజాడ నాటకంతో అదే పని చేశారు. కన్యాశుల్కం 1892లో ప్రదర్శనకు వచ్చింది, 1897లో తొలి ముద్రణ, 1909లో పెంచి తిరగరాసిన రెండో కూర్పు. అగ్రహారీకులు, బంట్రోతులు, వకీళ్లు, వెధవరాళ్లు, సానులు ఎవరి మాట వాళ్లు మాట్లాడతారు. పాత్ర ఎవరో పేరు చూడకుండానే సంభాషణ బట్టి చెప్పవచ్చు. ఉత్తర సర్కారు జిల్లాల పాఠశాలల తనిఖీ అధికారిగా వచ్చిన జె. ఎ. యేట్స్, బడి తెలుగుకూ ఇంటి తెలుగుకూ ఇంత దూరం ఎందుకుందని అడిగిన ప్రశ్నతో గిడుగు, గురజాడ, విశాఖ కళాశాల ప్రిన్సిపాల్ పి. టి. శ్రీనివాస అయ్యంగార్ ఒక్కటయ్యారు. గురజాడ 1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి సమర్పించిన అసమ్మతి పత్రం ఆ వాదంలో పెద్ద దస్తావేజు. 1915లో ఆయన పోయారు. గిడుగు 1919లో 'తెలుగు' పత్రిక పెట్టి ఒంటిచేత్తో పోరు కొనసాగించారు. 1936లో పర్లాకిమిడిని ఒడిశాలో కలిపినప్పుడు నిరసనగా ఆ ఊరు వదిలి రాజమండ్రి చేరారు. 1940 జనవరి 22న కన్నుమూశారు. ఆయన పుట్టినరోజే తెలుగు భాషా దినోత్సవం.

ఒక నిజాన్ని మాత్రం మొహమాటం లేకుండా చెప్పాలి. గిడుగు కోరింది శిష్ట వ్యావహారికం, అంటే చదువుకున్నవారి వాడుక. గెలిచిందీ అదే. ఆ తరువాత పత్రికలు, ప్రచురణ సంస్థలు, సినిమాలు మధ్యకోస్తాలో, మద్రాసులో వేళ్లూనుకోవడంతో ప్రమాణం అటు జరిగింది. వ్యావహారిక ఉద్యమం పుట్టిన నేల మీద రైతు మాట మళ్లీ బయటే ఉండిపోయింది. సినిమాల్లో అది దశాబ్దాల పాటు నౌకర్లకూ నవ్వించే పాత్రలకూ దక్కింది. 'నేదు' అని రాసిన పిల్లవాడి కాగితం మీద ఎర్ర సిరా గీత పడింది. ప్రామాణిక భాష నేర్పడం బడి బాధ్యతే. కానీ 'రానేదు', 'రాలేదు' అన్నవి ఒకే వ్యాకరణ సూత్రానికి రెండు రూపాలని చెప్పి నేర్పితే పిల్లవాడికి రెండూ మిగులుతాయి. తప్పని చెప్పి నేర్పితే రెండోది వస్తుంది, మొదటిది దాచుకోవడం వస్తుంది.

కథల్లో, పాటల్లో

ఈ భాషకు అచ్చులో చోటు సంపాదించినవారు కథకులు, పాటగాళ్లు. విజయనగరం చాసో (1915-1994) పొదుపైన వాక్యంలో ఈ ఊళ్ల సంభాషణను పట్టుకున్నారు. విశాఖ కోర్టుల్లో వినబడే పేదల మాటను రావిశాస్త్రి 'ఆరు సారా కథలు'లో కథనానికే ఎక్కించారు. కాళీపట్నం రామారావు 1964లో రాసిన 'యజ్ఞం' శ్రీకాకుళం పల్లెలో జరిగిన అప్పు తగువు. పంచాయతీలో ఎవరు ఏ వచనంతో ఎవర్ని పిలిచారో గమనిస్తూ చదివితే ఆ ఊరి అధికార నిర్మాణమంతా తెలుస్తుంది. పార్వతీపురం దగ్గర పెదబొండపల్లి నుంచి వచ్చిన వంగపండు ప్రసాదరావు (1943-2020) ఇక్కడి క్రియారూపాల్నే పాట పల్లవుల్లోకి తెచ్చి రాష్ట్రమంతటా పాడించారు. తప్పెటగుళ్ల పాటల్లో, జముకుల కథల్లో ఈ భాష అంతకు ఎంతో ముందు నుంచీ ఉంది. అది అచ్చుకు చేరక పరిశోధకుల దృష్టికి ఆలస్యంగా వచ్చింది.

వృత్తుల మాటల్ని సేకరించే పని కూడా సాగింది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ తెచ్చిన మాండలిక వృత్తిపదకోశాల్లో మొదటిది 1962లో వచ్చిన వ్యవసాయ సంపుటం. చేనేత సంపుటం తరువాత వచ్చింది. కృష్ణమూర్తి, గ్విన్ కలిసి రాసిన ఆధునిక తెలుగు వ్యాకరణం 1985లో వెలువడింది. క్రియారూపాల్ని నోటి మాట ఆధారంగా వర్గీకరించిన పుస్తకాల్లో అది ముఖ్యమైనది.

మాండలికాన్ని వాక్యం స్థాయిలో చదవాలనుకునేవారికి శ్రీకాకుళంలో ఒక చోటు సిద్ధంగా ఉంది. కాళీపట్నం రామారావు 1997 ఫిబ్రవరిలో ప్రారంభించిన కథానిలయం తెలుగు కథల్ని, కథలు వచ్చిన పత్రికల్ని ఒక్కచోట చేర్చింది. అక్కడ ఈ మూడు జిల్లాల రచయితల కథల్ని ఏళ్ల వరసలో పెట్టి సంభాషణలు మాత్రం విడదీసి చూస్తే, పోనాది ఎప్పుడు పోయిందిగా మారుతోందో, ఏ పాత్రల నోట ఈసి నిలిచిందో, 'బావూ' అన్న పిలుపు ఎవరి నుంచి ఎవరికి వెళ్లిందో అచ్చు కాగితం మీదే లెక్కకు దొరుకుతుంది.